ఫ్రాన్స్‌లో ‘కృత్రిమ సూర్యుడు’.. అందులో మన వాటా ఎంత? ఐటర్-ఇండియా లెక్క ఇదీ

2025 ఫిబ్రవరి 12న ప్రధాని నరేంద్ర మోదీ, ఫ్రాన్స్ అధ్యక్షుడు ఇమ్మాన్యుయేల్ మాక్రాన్ కలిసి దక్షిణ ఫ్రాన్స్‌లోని కడరాష్‌కు వెళ్లారు. అక్కడ ఒక పెద్ద హాల్లో, తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తున్న ఉక్కు యంత్రం ముందు ఇద్దరూ నిలబడ్డ ఫొటోలు అన్ని ఛానళ్లలో వచ్చాయి. ‘కృత్రిమ సూర్యుడిని చూసిన మోదీ’ అని హెడ్డింగులు పెట్టారు, రెండు నిమిషాల్లో వార్త అయిపోయింది. చాలామంది అది ఫ్రాన్స్ వాళ్ల సొంత ప్రాజెక్టు, మనవాళ్లు చూడటానికి వెళ్లారు అనుకున్నారు.

కానీ అది చుట్టపు చూపు కాదు. ఆ యంత్రంలో మనకు వాటా ఉంది. యంత్రం మొత్తాన్ని చుట్టి ఉండే ఉక్కు తొడుగు గుజరాత్‌లోని హజీరాలో తయారై ఓడల్లో వెళ్లింది. లోపల గోడల మధ్య పేర్చే వేల దిమ్మెలు బెంగళూరులో తయారయ్యాయి. వీటికి ఆర్డర్లు ఇచ్చి, నాణ్యత చూసి, బిల్లులు కట్టి, సముద్రం దాటించే బాధ్యత ఐటర్-ఇండియా అనే సంస్థది. డబ్బు మనందరి పన్నుల్లోంచే వెళ్తుంది. అయినా దాని పేరు మన దగ్గర పెద్దగా ఎవరూ విని ఉండరు. కామర్స్ చదివినవాడిని కాబట్టి ఫిజిక్స్ కంటే ముందు నా కన్ను పద్దుల మీదే పడింది. చూస్తే ఈ ప్రాజెక్టు లెక్కలు దాని సైన్స్ కంటే తక్కువ వింతగా ఏం లేవు.

అసలు ఏం కడుతున్నారు?

మన దేశంలో ఇప్పుడున్న అణు విద్యుత్ కేంద్రాలన్నీ యురేనియం లాంటి బరువైన అణువును పగలగొట్టి వేడి పుట్టిస్తాయి. స్కూల్ పుస్తకాల్లో దాన్ని విచ్ఛిత్తి అన్నారు. సూర్యుడిలో జరిగేది దానికి తిరగేసిన పని. తేలికైన హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి హీలియం అవుతాయి. ఆ కలయికలో కొంత బరువు తగ్గి, అది శక్తిగా బయటికొస్తుంది. దీన్నే సంలీనం అంటారు, వాడుకలో ఫ్యూజన్.

భూమ్మీద ఇది చేయడానికి అన్నిటికంటే అనువైన జోడీ డ్యుటీరియం, ట్రిటియం. రెండూ హైడ్రోజన్ రకాలే. సముద్రపు నీళ్లలో ప్రతి 6,500 హైడ్రోజన్ అణువులకు సుమారు ఒకటి డ్యుటీరియం ఉంటుంది. డ్యుటీరియంతో ఏర్పడిన నీటినే భారజలం అంటారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వాళ్లకు ఈ మాట కొత్తేం కాదు. మణుగూరు భారజల కర్మాగారం అశ్వాపురంలో గోదావరి ఒడ్డున నడిచేది దీని కోసమే. అక్కడ తయారయ్యే భారజలం మన అణు రియాక్టర్లకు వెళ్తుంది. కడరాష్‌తో దానికి సంబంధం ఉందని కాదు గానీ, డ్యుటీరియం అనేది మనకు అందనంత దూరపు వస్తువేం కాదని చెప్పడానికి ఇది చాలు. ట్రిటియం సంగతి వేరు. అది రేడియోధార్మిక పదార్థం, పన్నెండేళ్లు దాటేసరికి ఉన్నది సగమైపోతుంది, ప్రకృతిలో దాదాపు దొరకదు. లిథియం నుంచి తయారు చేసుకోవాలి.

ఈ రెండూ కలవాలంటే విపరీతమైన వేడి కావాలి. సూర్యుడి నడిబొడ్డున ఉండేది సుమారు కోటిన్నర డిగ్రీలు. సూర్యుడికి తన సొంత బరువే అదుముడుగా పనికొస్తుంది. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి 15 కోట్ల డిగ్రీలు కావాలి. అంత వేడిలో వాయువు కాస్తా ప్లాస్మా అయిపోతుంది. దాన్ని ఏ పాత్రలో పోసినా పాత్ర మిగలదు. అందుకని గారె ఆకారంలో ఒక ఉక్కు గది కట్టి, చుట్టూ భారీ అయస్కాంతాలు పెట్టి, ప్లాస్మా గోడలకు తగలకుండా మధ్యలో తేలేటట్టు పట్టి ఉంచుతారు. ఈ రకం యంత్రాన్ని టోకమాక్ అంటారు. రష్యన్ల మాట అది.

కడరాష్‌లో కడుతున్న టోకమాక్ పేరు ఐటర్. లాటిన్‌లో దారి అని అర్థం. యంత్రం బరువు 23,000 టన్నులు. లక్ష్యం ఏంటంటే, ప్లాస్మాలోకి 50 మెగావాట్ల వేడి పంపితే దాని నుంచి 500 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి రావాలి. అదీ కొన్ని నిమిషాల పాటు నిలవాలి.

ఇక్కడ చాలా వార్తల్లో ఒక పొరపాటు కనిపిస్తుంది. ‘పెట్టిన కరెంటుకు పది రెట్లు కరెంటు’ అని రాసేస్తారు. అది తప్పు. ఆ పది రెట్ల లెక్క ప్లాస్మాకు ఇచ్చిన వేడి, ప్లాస్మా నుంచి వచ్చిన శక్తి వరకే. అయస్కాంతాలు, పంపులు, శీతల యంత్రాలు నడపడానికి అయ్యే కరెంటు అందులో కలపలేదు. ఐటర్ ప్రాంగణానికి మామూలుగానే 110 మెగావాట్లు కావాలి, ప్రయోగం నడిచే కొద్ది సెకన్లలో అది 620 మెగావాట్ల దాకా పోతుంది. పైగా ఐటర్ ఒక్క యూనిట్ కరెంటు కూడా తయారు చేయదు. వచ్చిన వేడిని కూలింగ్ టవర్ల ద్వారా గాల్లోకి వదిలేస్తుంది. ఇది ప్రయోగశాల, పవర్ ప్లాంటు కాదు. ఈ తేడా తెలియకపోతే తర్వాత వచ్చే ఖర్చు లెక్క మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

ఏడుగురు భాగస్వాములు, ఏడు ఏజెన్సీలు

ఈ ఆలోచనకు మొదలు 1985 నవంబర్‌లో జెనీవాలో రీగన్, గోర్బచేవ్ కలిసిన సమావేశం. కోల్డ్ వార్ నడుస్తున్న రోజులు. ఆయుధాల మీద తేలకపోయినా, శాంతి కోసం ఫ్యూజన్ పరిశోధన కలిసి చేద్దాం అని ఆ ఇద్దరూ అన్నారు. తర్వాత ఇరవై ఏళ్లు డిజైన్లు, చర్చలు, అలకలు. అమెరికా మధ్యలో వెళ్లిపోయి మళ్లీ వచ్చింది. భారత్ 2005 డిసెంబర్‌లో చేరింది. 2006 నవంబర్ 21న పారిస్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. యూరోపియన్ యూనియన్, అమెరికా, రష్యా, చైనా, జపాన్, దక్షిణ కొరియా, భారత్. మొత్తం ఏడు పక్షాలు.

యంత్రం తమ గడ్డ మీద ఉంటుంది కాబట్టి నిర్మాణ ఖర్చులో యూరప్ 45.6 శాతం భరిస్తుంది. మిగిలిన ఆరుగురూ తలా 9.1 శాతం. మన వాటా కూడా 9.1 శాతమే. అమెరికా ఎంతో మనమూ అంతే. యంత్రం నడపడం మొదలయ్యాక లెక్క మారుతుంది. అప్పుడు యూరప్ 34 శాతం, జపాన్, అమెరికా చెరో 13 శాతం, భారత్‌తో పాటు మిగతా నలుగురు తలా 10 శాతం.

ఈ 9.1 శాతాన్ని ప్రతి ఏడాదీ చెక్కు రాసి పంపడం లేదు. మొదట వేసుకున్న ప్రకారం సుమారు 90 శాతం వాటా వస్తువుల రూపంలోనే ఇవ్వాలి. ఏడుగురు అన్నదమ్ములు కలిసి ఒక ఇల్లు కడుతున్నారనుకోండి. ఒకరు తలుపులు చేయించి తెస్తారు, ఒకరు స్లాబుకు స్టీలు, ఒకరు కరెంటు వైరింగ్. మేస్త్రీ జీతానికి, ఉమ్మడి ఖర్చులకు మాత్రం అందరూ కొంత నగదు వేస్తారు. ఐటర్ అచ్చం అలాగే నడుస్తోంది. కడరాష్‌లో ఉన్న ఐటర్ ఆర్గనైజేషన్ అనే ఉమ్మడి సంస్థ మేస్త్రీ లాంటిది. ప్లాను దానిది, బిగించే బాధ్యత దానిది. తలుపులు, కిటికీలు చేయించి పంపడానికి ప్రతి దేశంలో ఒక ఏజెన్సీ ఉంది. దాన్ని డొమెస్టిక్ ఏజెన్సీ అంటారు. యూరప్‌ది బార్సిలోనాలో ఉంటుంది, పేరు ఫ్యూజన్ ఫర్ ఎనర్జీ. అమెరికాది టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో, జపాన్‌ది నాకాలో.

మనది ఐటర్-ఇండియా. ఇది విడిగా పుట్టిన కంపెనీ కాదు. అణుశక్తి విభాగం కింద పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో ప్రత్యేక అధికారాలు ఇచ్చిన ఒక ప్రాజెక్టు. ఆ ఇన్‌స్టిట్యూట్‌ను పొట్టిగా ఐపీఆర్ అంటారు. అహ్మదాబాద్ పక్కనే, గాంధీనగర్ జిల్లా భాట్ దగ్గర ఉంటుంది.

అడగకుండానే మనల్ని ఈ జట్టులోకి పిలిచారనుకుంటే పొరపాటు. ప్రొఫెసర్ ప్రెధిమాన్ కృష్ణ కౌ నాయకత్వంలో 1980లలోనే అక్కడ ప్లాస్మా పరిశోధన మొదలైంది. 1989లో ‘ఆదిత్య’ అనే టోకమాక్‌ను మన దేశంలోనే డిజైన్ చేసి నడిపించారు. తర్వాత సూపర్ కండక్టింగ్ అయస్కాంతాలతో ఎస్ఎస్‌టీ-1 కట్టారు. ఆ చిన్న యంత్రాల అనుభవం లేకపోతే 2005లో ఈ పెద్ద బల్ల దగ్గర మనకు కుర్చీ దొరికేది కాదని నా అభిప్రాయం.

విచిత్రమైన హిసాబ్

ఇప్పుడు అసలు లెక్కకొద్దాం. ఏడు దేశాలు ఏడు రకాల వస్తువులు తెస్తుంటే, ఎవరు ఎంత ఇచ్చారో ఎలా తేల్చాలి? గుజరాత్‌లో వెల్డర్ జీతం వేరు, జపాన్‌లో వేరు. రూపాయి, యెన్, యూరో రేట్లు రోజూ మారతాయి. ఇరవై ఏళ్లలో స్టీలు ధర ఎక్కడో ఉంటుంది.

అందుకని వాళ్లు సొంతంగా ఒక కొలమానం పెట్టుకున్నారు. పేరు ఐటర్ యూనిట్ ఆఫ్ అకౌంట్. 1989 జనవరి నాటి వెయ్యి డాలర్లు ఒక యూనిట్. ఇది జేబులో పెట్టుకునే డబ్బు కాదు, పుస్తకాల్లో రాసుకునే అంకె మాత్రమే. మొదట్లోనే ప్రతి భాగానికీ ఇన్ని యూనిట్లు అని విలువ కట్టేశారు. ఏ ఏజెన్సీ ఆ భాగాన్ని తయారు చేసి అప్పగిస్తే ఆ దేశం ఖాతాలో అన్ని యూనిట్లు జమ అవుతాయి.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ భాగం తయారు చేయడానికి మీకు నిజంగా ఎంత ఖర్చయిందో ఎవరూ అడగరు. అనుకున్నదాంట్లో సగానికే చేయించుకుంటే మిగిలింది మీ లాభం. మూడింతలైతే ఆ నష్టం మీదే. ఖాతాలో జమయ్యే యూనిట్లు మాత్రం మారవు. వ్యాపార భాషలో చెప్పాలంటే ఇది ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టు. ధర పెరిగే రిస్కు మొత్తం దేశీయ ఏజెన్సీ నెత్తిన ఉంటుంది.

దీని వల్ల రెండు సంగతులు జరిగాయి. ఒకటి మంచిదే. డబ్బు ఆయా దేశాల్లోనే, వాళ్ల ఫ్యాక్టరీల్లోనే ఖర్చవుతుంది. మన పార్లమెంటు మంజూరు చేసిన రూపాయల్లో ఎక్కువ భాగం భారతీయ కంపెనీలకే చేరింది, పని నేర్చుకున్నది ఇక్కడి ఇంజనీర్లు, వెల్డర్లు. నేరుగా నగదే ఇచ్చి ఉంటే ఆ ఆర్డర్లు జర్మనీకో జపాన్‌కో పోయేవి.

రెండోది అంత మంచిది కాదు. ఐటర్ మొత్తం ఖర్చెంత అంటే ఒక్క అంకె చెప్పగలిగేవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరు. ఉమ్మడి సంస్థ దగ్గర యూనిట్ల లెక్క ఉంది, నగదు లెక్క ఉంది. ఏడు ఏజెన్సీలు తమ దేశాల్లో అసలు ఎంత ఖర్చు పెట్టాయన్నది ఎవరి పుస్తకాల్లో వాళ్లది. 2018లో అమెరికా ఇంధన శాఖ అధికారి మొత్తం ఖర్చు 65 బిలియన్ డాలర్లు కావచ్చన్నారు. ఐటర్ సంస్థ ఒప్పుకోలేదు, 22 బిలియన్లే అంది. ఒకే ప్రాజెక్టు మీద ఒకే ఏడాదిలో మూడింతల తేడా! ఏ ఆడిటర్ ముందైనా ఇలాంటి రెండు అంకెలు పెడితే ఫైలు విసిరి కొడతాడు. కానీ ఈ పద్ధతిలో అలాంటి తేడా రాకుండా ఉండటమే కష్టం.

యూరప్ ఒక విధంగా నయం. తమ వాటా 2.7 బిలియన్ యూరోల నుంచి 6.6 బిలియన్లకు పెరిగిందని 2010లోనే బహిరంగంగా చర్చించుకుని, దానికి పరిమితి పెట్టుకున్నారు. మన దగ్గర ఈ ఖర్చు అణుశక్తి విభాగం బడ్జెట్ పద్దుల్లో ఒక వరుసగా వచ్చిపోతుంది. ఏ భాగానికి ఎన్ని యూనిట్లు జమయ్యాయి, దానికి మనకు ఎన్ని రూపాయలయ్యాయి అని పక్కపక్కన పెట్టి మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక కాగితం ప్రతి ఏడాదీ ఇస్తే బాగుంటుంది. ఇది తప్పు పట్టడం కాదు. నిజానికి కొన్ని భాగాల్లో మనవాళ్లు బాగానే చేసి ఉండొచ్చు, ఆ మంచి పేరు కూడా కాగితం ఉంటేనే వస్తుంది.

హజీరా నుంచి కడరాష్ దాకా

మన వాటాలో అందరికీ కనిపించేది క్రయోస్టాట్. సుమారు 30 మీటర్ల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు, 3,850 టన్నుల స్టెయిన్‌లెస్ స్టీలు. దీని పని ఇరానీ చాయ్ ఫ్లాస్కు పని లాంటిదే, కాకపోతే ఇక్కడ కాపాడేది చల్లదనాన్ని. ఐటర్ అయస్కాంతాలు సూపర్ కండక్టర్లు. మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంటేనే పనిచేస్తాయి. వాటికి కొన్ని మీటర్ల అవతలే 15 కోట్ల డిగ్రీల ప్లాస్మా. బయటి వేడి లోపలికి రాకూడదంటే మొత్తాన్నీ ఒక పెద్ద డబ్బాలో పెట్టి గాలి తీసేయాలి. ఫ్లాస్కు రెండు గోడల మధ్య గాలి తీసేసినట్టే. ఆ డబ్బానే క్రయోస్టాట్.

2012లో ఐటర్-ఇండియా ఈ పనిని లార్సెన్ అండ్ టూబ్రోకు అప్పగించింది. అంత డబ్బాను ఒకేసారి చేసి పంపడం కుదరదు. ఓడ ఎక్కినా రోడ్డు ఎక్కదు. అందుకని హజీరాలో 54 ముక్కలుగా చేశారు. అవి ఓడల్లో ఫ్రాన్స్‌లోని ఫాస్-సుర్-మేర్ రేవుకు చేరి, అక్కడి నుంచి బార్జ్ మీద బెర్ అనే ఉప్పునీటి సరస్సు దాటి, చివరి 104 కిలోమీటర్లు రాత్రిపూట ట్రాఫిక్ ఆపి రోడ్డు మీద వెళ్లాయి. ఈ కాన్వాయ్‌ల కోసమే ఆ దారిలో వంతెనలను గట్టి చేశారు, మలుపులను వెడల్పు చేశారు. కడరాష్ ప్రాంగణంలోనే ఒక వర్క్‌షాపు కట్టి, ముక్కలను నాలుగు పెద్ద భాగాలుగా వెల్డింగ్ చేశారు. అడుగు భాగం, కింది గొట్టం, పై గొట్టం, మూత.

1,250 టన్నుల అడుగు భాగాన్ని 2020 మే నెలాఖరులో యంత్రం గోతిలోకి దించారు. కరోనాతో ప్రపంచం తలుపులు మూసుకున్న రోజులు. యంత్రం మొత్తంలో ఒక్క ఎత్తున లేపాల్సిన వాటిలో అదే అన్నిటికంటే బరువైనది. ఇల్లు కట్టేటప్పుడు మొదటి రాయి ఎవరిదైతే గుర్తుంటుందో, ఐటర్‌లో ఆ రాయి మనది. జూన్ 30న మూత భాగాల చివరి సరుకు హజీరా నుంచి బయల్దేరింది. సరిగ్గా రెండు వారాల ముందే గల్వాన్ లోయలో మన సైనికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ యంత్రంలో చైనా కూడా భాగస్వామే, మన క్రయోస్టాట్ లోపల చైనా చేసిన భాగాలు కూర్చుంటాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక కూడా ఇదే జరిగింది. ఆంక్షల మధ్యే రష్యా తన వంతు భారీ అయస్కాంతపు చుట్టను 2022 నవంబర్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఓడ ఎక్కించింది. ఒక్కరు తప్పుకున్నా మొత్తం ఆగిపోయేలా పని పంచుకోవడం ఇక్కడ ఇబ్బందీ అదే, బలమూ అదే.

ఆ చిక్కు బాగా కనిపించేది బెంగళూరు దిమ్మెల్లో. ప్లాస్మా ఉండే ఉక్కు గదికి రెండు గోడలుంటాయి. వాటి మధ్య ఖాళీలో బోరాన్ కలిపిన ప్రత్యేక స్టీలు దిమ్మెలు పేరుస్తారు. ఫ్యూజన్‌లో పుట్టే న్యూట్రాన్లను అయస్కాంతాల దాకా పోనివ్వకుండా ఆపేది అవే. ఇలాంటివి సుమారు 9,000, దాదాపు ఏ రెండూ మరీ ఒకేలా ఉండవు. బెంగళూరులోని అవసరాల టెక్నాలజీస్ చేసింది. కానీ ఆ గదిని తయారు చేసేది మనం కాదు. దాని తొమ్మిది ముక్కల్లో నాలుగు కొరియావి, ఐదు యూరప్‌వి. కాబట్టి మన దిమ్మెలు ఫ్రాన్స్‌కు కాకుండా ముందు కొరియా, ఇటలీ ఫ్యాక్టరీలకు వెళ్లాలి. అక్కడ గోడల మధ్య బిగించాక ఆ ముక్క కడరాష్ చేరుతుంది. మనం లేటైతే వాళ్లు లేటు. వాళ్ల గోడ కొన్ని మిల్లీమీటర్లు వంకర వస్తే అందరూ లేటు. చివరికి అదే జరిగింది, ఆ సంగతి కింద చెప్తాను.

మిగతావి టూకీగా. కూలింగ్ వాటర్ వ్యవస్థలో, అతిశీతల హీలియం ప్రవహించే పైపుల్లో పెద్ద భాగం మనది. ప్లాస్మాను వేడెక్కించే రేడియో తరంగాల యంత్రాలు, గైరోట్రాన్లు, విద్యుత్ సరఫరా పరికరాలు, కొన్ని కొలత సాధనాలు కూడా ఉన్నాయి. వీటన్నిటిలో కష్టమైనది డయాగ్నస్టిక్ న్యూట్రల్ బీమ్. ఫ్యూజన్ జరిగాక ప్లాస్మాలో హీలియం బూడిదలా పేరుకుంటుంది. అది ఎంత పేరుకుందో లోపల చెయ్యి పెట్టి చూడలేం కదా. అందుకని బయటి నుంచి లక్ష వోల్టులతో వేగం పెంచిన హైడ్రోజన్ కిరణాన్ని పంపి, వచ్చే కాంతిని బట్టి కొలుస్తారు. ఈ పరికరాన్ని పరీక్షించడానికి గాంధీనగర్‌లోనే ఒక ప్రత్యేక కేంద్రం పెట్టుకున్నారు. క్రయోస్టాట్ మన ఫ్యాక్టరీల సత్తా చూపించింది. ఈ బీమ్ మాత్రం మన శాస్త్రవేత్తలకు పరీక్ష.

లేటు ఎందుకైంది, దాని ధర ఎవరిది?

సంతకాలు పెట్టినప్పుడు మొదటి ప్లాస్మా 2016లో అన్నారు. తర్వాత 2020 అన్నారు, ఆ తర్వాత 2025 అన్నారు. 2022లో రెండు లోపాలు బయటపడ్డాయి. గది ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే అంచుల్లో కొలతలు తేడా వచ్చాయి. ఆ వంకరతో వెల్డింగ్ చేయడం కుదరదు. వేడిని ఆపే థర్మల్ షీల్డ్ మీది శీతల పైపుల్లో తుప్పు వల్ల పగుళ్లు కనిపించాయి. దీనికి తోడు ఫ్రాన్స్ అణు భద్రతా సంస్థ కొన్ని అనుమానాలు తీరేదాకా అసెంబ్లీ ఆపమంది. గోతిలోకి దించిన ముక్కను మళ్లీ బయటికి తీసి రిపేరు చేయాల్సి వచ్చింది. కరోనా ఆలస్యం సరేసరి.

2024లో కొత్త డైరెక్టర్ జనరల్ పియెత్రో బారబాస్కి సవరించిన షెడ్యూలు ప్రకటించారు. ప్రయోగాలు మొదలయ్యేది 2034లో. అయస్కాంతాలు పూర్తి బలంతో నడిచేది 2036లో. అసలు ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియంతో నడిపేది 2039లో. అదనపు ఖర్చు సుమారు 5 బిలియన్ యూరోలు.

వస్తువులు ఇచ్చేసిన దేశానికి ఆలస్యంతో నష్టమేంటి అని అడగొచ్చు. ఉంది. మేస్త్రీ జీతం అన్నాను కదా, ఆ నగదు ప్రతి ఏడాదీ కట్టాల్సిందే. ఇల్లు పదేళ్లు లేటైతే పదేళ్ల జీతం అదనం. రిపేర్లు కొరియా ముక్కకైనా యూరప్ ముక్కకైనా, కాలం అందరిదీ పోతుంది. ఇంకో నష్టం ఏ పుస్తకంలోనూ రాయరు. 2012లో క్రయోస్టాట్ పనికి దిగిన ముప్పై ఐదేళ్ల ఇంజనీరు 2039 నాటికి రిటైరై ఉంటాడు. చేతిలో ఉన్న పని నైపుణ్యం కాగితాల మీద పూర్తిగా ఎక్కదు. మధ్యలో ఇలాంటి ఆర్డర్లు లేకపోతే ఆ టీములు చెదిరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తుంది.

ఈలోపు బయట ప్రపంచం ఆగలేదు. 2022 డిసెంబర్‌లో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ లేజర్లతో ఇంధనానికి 2.05 మెగాజౌళ్లు ఇచ్చి 3.15 మెగాజౌళ్లు రాబట్టింది. ప్రైవేటు కంపెనీలు ఐటర్ కంటే ముందే చిన్న యంత్రాలతో కరెంటు ఇస్తామంటున్నాయి. ఇస్తే మంచిదే. ఇప్పటివరకు ఎవరూ ఇవ్వలేదు.

మరి మనకేంటి?

ఒప్పందంలో మనకు అనుకూలమైన అంశం ఒకటుంది. కట్టేది 9.1 శాతమే అయినా ప్రాజెక్టులో పుట్టే శాస్త్రీయ సమాచారం, మేధో సంపత్తి అందరు సభ్యులకూ అందుబాటులో ఉండాలి. అంటే జపాన్ అయస్కాంతం ఎలా చుట్టింది, యూరప్ ఏ తప్పు ఎలా దిద్దుకుంది అన్నది మనకూ తెలుస్తుంది. కాగితం మీద ఇది చాలా మంచి బేరం. అయితే సమాచారం అందుబాటులో ఉండటం వేరు, దాన్ని తెచ్చుకుని వాడుకోవడం వేరు. కడరాష్‌లో కూర్చుని రోజూ పని చేసే మనవాళ్లు తగినంతమంది ఉంటేనే ఆ తెలివి ఇంటికొస్తుంది. తిరిగొచ్చాక వాళ్లకు ఇక్కడ ఒక యంత్రం కూడా ఉండాలి. ఆదిత్య, ఎస్ఎస్‌టీ-1 తర్వాత మన సొంత పెద్ద టోకమాక్ ఎప్పుడు అన్న ప్రశ్నకు జవాబు దొరికినప్పుడే ఈ 9.1 శాతం వసూలైందో లేదో చెప్పగలం. నా మటుకు, హజీరాలో, బెంగళూరులో మిగిలిన పనితనం వరకు చూస్తే డబ్బు వృథా కాలేదు. విజ్ఞానం వరకు చూస్తే ఖాతా ఇంకా తెరిచే ఉంది.

భద్రత గురించి కూడా చాలామంది అడుగుతారు. ఫ్యూజన్‌లో చెర్నోబిల్ తరహా పేలుడు జరగదు. గదిలో ఒకసారి ఉండే ఇంధనం కొన్ని గ్రాములే, ఏ చిన్న తేడా వచ్చినా ప్లాస్మా చల్లారిపోతుంది. అలాగని రేడియేషన్ అసలే లేదనడం కూడా నిజం కాదు. ట్రిటియం రేడియోధార్మికమే, న్యూట్రాన్లు తగిలి లోపలి ఉక్కు కూడా రేడియోధార్మికం అవుతుంది. ఆ ఉక్కును జాగ్రత్తగా దాచాలి.

చివరగా, చదువుకునే పిల్లలున్న ఇళ్లకు పనికొచ్చే మాట. ఐటర్ ఆర్గనైజేషన్ ఉద్యోగాలు సభ్య దేశాల పౌరులకు ఇస్తుంది. భారతీయులూ నేరుగా అప్లై చేసుకోవచ్చు. పీహెచ్‌డీ అయిపోయినవాళ్లకు మొనాకో ప్రభుత్వం డబ్బుతో నడిచే రెండేళ్ల ఫెలోషిప్ కూడా ఉంది. ఇక్కడ గాంధీనగర్ ఐపీఆర్ ఫిజిక్స్, ఇంజనీరింగ్ వాళ్లను పరిశోధనకు తీసుకుంటుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లయితే జెస్ట్ పరీక్ష మీద కన్నేసి ఉంచండి. ఫిజిక్స్ ఒక్కటే కాదు, ఈ ప్రాజెక్టుకు వెల్డింగ్, వ్యాక్యూమ్, క్రయోజనిక్స్, పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు కావాలి. కాంట్రాక్టులు, కొనుగోళ్లు చూసే కామర్స్ వాళ్లు కూడా కావాలి. ఈ ఏడాది ఇంటర్‌లో చేరే పిల్లలకు 2039లో ముప్పై ఏళ్లు ఉంటాయి.